వంటక్క ఖాళీ చేయలేని కంచం

అట్టపెట్టెల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో తలుపుకు ఎదురుగా ఒక చిన్న బల్ల ఉంది. మధ్యాహ్నం గంట కొట్టే ముందు, ఆ రోజు వంట చేసిన పెద్ద వంటమనిషి ఆ బల్ల దగ్గర కూర్చుని, వండినవన్నీ కంచం నిండా వడ్డించుకుని, పనివాళ్ళ కళ్ళముందే తినాలి. కంచం ఖాళీ అయ్యాకే వడ్డన. ఇది పైవాళ్ళు రుద్దిన నియమం కాదు. చాలా ఏళ్ళ కిందట పాడైన కూర తిని సగం ఫ్యాక్టరీ వాంతులతో ఆసుపత్రి పాలైంది. ఆనాటి వంటవాడు మాత్రం ఇంటినుంచి తెచ్చుకున్న డబ్బా తిని నిక్షేపంగా ఉన్నాడు. అప్పుడు పనివాళ్ళంతా పట్టుబట్టి పెట్టించుకున్న నియమమిది. న్యాయమైనదే. నా కోపం దాని మీద కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని ఒక మనిషి కడుపుతో ఆడుకున్నవాళ్ళ మీద.

ఆ మనిషి మా ఆడపడుచు. ఆ క్యాంటీన్‌కు పెద్ద వంటమనిషి. అక్కడ వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆమె వంటక్కే. నేను అదే వంటింట్లో కూరలు తరుగుతాను, ఉండేదీ ఒకే ఇంట్లో. అందుకే ఇక్కడ చెప్పేదంతా దగ్గరుండి చూసింది.

వంటక్క భారీ మనిషి. పొయ్యి ముందు నిలబడితే వెనక ఉన్న గంగాళం కనిపించేది కాదు. ఎవరో ఆమెకు చాటుగా ‘గంగాళం’ అని పేరు కూడా పెట్టారు. ఆమెకు తెలుసు. తెలిసీ వాళ్ళకే అడుగంటని అన్నం ఏరి పెట్టేది. ఆ రోజుల్లో బల్ల దగ్గర ఆమె తిండి చూడముచ్చటగా ఉండేది. గింజ వదలకుండా తిని, కంచం ఎత్తి చూపించేది. బయట వరసలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు అడిగేవారు.

“వంటక్క తిన్నదా?”

“తిన్నది. మారు కూడా వేసుకుంది.”

“అయితే పదండి, ఇంకేం చూస్తున్నారు.”

ఆమె ఒళ్ళే వాళ్ళకు హామీ. ఇంత తిని ఇంత చక్కగా ఉన్న మనిషి చేతి వంటకు భయమేముందని వాళ్ళ ధీమా. ఆ ఒళ్ళు ఆమెను ఏం చేస్తున్నదో మాత్రం ఎవరికీ పట్టలేదు.

తిండిపోతు కనుక లావైందని లోకం తేల్చేసింది. నేను ఒప్పుకోను. తెల్లవారకముందే పొయ్యి అంటించి, ప్రతి గంగాళంలోంచి గరిటెడు రుచి చూసి, మధ్యాహ్నం ఆ నిండు కంచం తిని, అందరూ వెళ్ళాక మిగిలింది పారబోయడానికి చేతులు రాక అదీ తినేది. అన్నం పారబోస్తే దేవుడు చూస్తాడని మా అత్తగారు నేర్పిన భయం. దానికి తోడు రెండో కాన్పు తరవాత పట్టుకున్న థైరాయిడ్. మోకాళ్ళు అరిగాయి. షుగర్ వచ్చింది. నిద్రలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేది. బస్సులో ఇద్దరి సీటులో తాను కూర్చుంటే పక్కన ఎవరూ కూర్చోరని నిలబడే ప్రయాణం చేసేది. పొయ్యి ముందు పొద్దుటినుంచీ నిలబడిన మనిషి, మళ్ళీ బస్సులో నిలబడటం. చూడలేక నేనేమన్నా అంటే నవ్వేసేది.

“కూర్చుంటే లేవడానికి మళ్ళీ నలుగురు కావాలి కదా వదినా.”

డాక్టరు ఆపరేషన్ చేయించుకోమన్నాడు. కడుపును చాలామటుకు కోసి తీసేసి, అరటిపండంత మిగులుస్తారట. ఇంకో దారి లేదా అని మా అన్నయ్యగారు, అంటే వంటక్క భర్త, అడిగాడు. “పదేళ్ళుగా వేరే దారులే నడిచింది కదండీ, ఆమె మోకాళ్ళనడగండి” అన్నాడు డాక్టరు. ఆయన మాట కటువుగా ఉన్నా, ఆమె మంచం మీదికి ఎక్కుతుంటే తానే చెయ్యి పట్టుకున్నాడు. అది నేను మరిచిపోను.

ఆపరేషన్ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆమె ఒకటే పట్టు. దానికి కారణం ఉంది. అంతకు కొన్నాళ్ళ ముందు ఎదురింటావిడ ఎవరి గురించో చెబుతూ, “నోరు కట్టుకోలేనివాళ్ళు కడుపు కోయించుకుంటారు, ఎంత తేలిక” అని మా గుమ్మంలోనే నవ్వింది. ఆ నవ్వు వంటక్క చెవిలో ఉండిపోయింది.

“పిత్తాశయంలో రాళ్ళని చెబుదాం వదినా. రాళ్ళంటే జాలిపడతారు. లావంటే నవ్వుతారు.”

ఎంత నిజం చూడండి. గుండెకు ఆపరేషన్ అంటే పండ్లు పట్టుకొస్తారు. మోకాలికి అంటే కర్ర తెచ్చిస్తారు. ఒళ్ళు బరువుకని చెబితే మాత్రం, మనిషి ఏదో పరీక్షలో కాపీ కొట్టి పట్టుబడినట్టు చూస్తారు. కోతా అదే, కుట్లూ అవే, మత్తుమందూ అదే. ప్రాణం మీదికి తెచ్చుకునే తెగింపు కూడా అంతే. మరి ఈ ఒక్క జబ్బుకే మర్యాద ఎందుకు లేదో నాకు ఎవరూ చెప్పరు.

సెలవు కావాలి గనక క్యాంటీన్ నడిపే కాంట్రాక్టరుకు మాత్రం ఆసుపత్రి కాగితాలు చూపించాల్సి వచ్చింది. ఆయన చదివి, మడిచి, “నా నోట రాదమ్మా, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా” అన్నాడు. మంచి మాటే అనుకున్నాం. దేవుడు ఆయనను చల్లగా చూడాలని నేను ఆ రాత్రి దండం కూడా పెట్టుకున్నాను.

తేలికట. ఆ తేలిక ఎలా ఉంటుందో నేను చూశాను. మొదట్లో నీళ్ళు కూడా గుటక వేయడానికి లేదు, చెంచాతో చప్పరించాలి. తరవాత పలచటి పులుసు నీళ్ళు. ఆ తరవాత మెత్తగా చేసినవి. పప్పో గుడ్డో ముందు తినాలి, అన్నం చోటుంటేనే. తింటూ నీళ్ళు తాగకూడదు. ఒక్క ముద్ద ఎక్కువైతే ఛాతీలో రాయి పడ్డట్టు పట్టేసి, నోట్లోంచి నురగ వచ్చేది. బతికినంత కాలం మందుబిళ్ళలు. మూడో నెలలో జుట్టు చేతికి కుచ్చులుగా వచ్చింది. ఎండలో కూడా చలేసి శాలువా కప్పుకునేది. ఒకసారి బరువు దిగడం ఆగిపోయి వారాల తరబడి ముల్లు కదలలేదు. ఏదో తప్పు చేసినట్టు ఆమె అద్దం ముందు నిలబడి ఏడ్చింది. “ఒళ్ళు అలవాటు పడుతోందమ్మా, అదే దిగుతుంది, మీరేం తప్పు చేయలేదు” అని ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి ఫోన్‌లో ఎంత ఓపికగా చెప్పిందో. అలాంటి పిల్లలు ఉండబట్టే ఇంకా లోకం నడుస్తోంది.

మా అన్నయ్యగారు ఇంకో రకం. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు, ఆకలికి ఆగలేని మనిషి. అలాంటివాడు ఆమెకు తెచ్చినంత చిన్న గిన్నే తనకూ తెచ్చుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని, ఆమెలాగే చిన్న చిన్న ముద్దలు నమిలి నమిలి తినేవాడు. ఆమె చెయ్యి కడుక్కోగానే వంటింట్లోకి వెళ్ళి, తలుపు చాటున నిలబడి, మిగతా భోజనం గబగబా మింగేవాడు. ఒకరోజు ఆమె పట్టేసింది.

“ఏంటది?”

“గిన్నెలు సర్దుతున్నాను.”

“నోట్లో సర్దుతున్నావా?”

ఇద్దరూ కూలబడి నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

నెమ్మదిగా ఒళ్ళు తగ్గింది. ఒకనాడు చెప్పులకు పట్టీ తానే వంగి పెట్టుకుంది. ఒళ్ళు వంగనంతకాలం ఆ పని అన్నయ్యగారు చేసేవాడు. ఆసుపత్రి వరండాలో చేతులున్న కుర్చీలో ఇరుక్కోకుండా కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంది. నిద్రలో ఊపిరి ఆగడం పోయింది. షుగరు బిళ్ళ తగ్గించారు. ఇవన్నీ ఆమె సంపాదించుకున్నవి. ఎవరూ దానం చేసినవి కావు.

ఆమె సెలవులో ఉన్న కాలమంతా కాంట్రాక్టరు తన బావమరిది దగ్గరినుంచి మూతలేసిన భోజనం పొట్లాలు తెప్పించాడు. అన్నం గట్టిపడి ఉండేది, కూర చల్లగా, పుల్లగా ఉండేది. అప్పుడు ఆ చిన్న బల్ల దగ్గర కూర్చుని ముందుగా ఎవరు తిన్నారో అడగండి. ఎవరూ తినలేదు. సీలు వేసిన పొట్లాలకు నియమం వర్తించదట. ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. వంటక్క ఎప్పుడొస్తుందని పనివాళ్ళు రోజూ నన్ను అడిగేవాళ్ళు.

ఆమె తిరిగి వచ్చిన రోజు వంటిల్లు శుభ్రం చేసే ఆవిడ పొయ్యి పక్కన ఒక ఎత్తు పీట వేసి ఉంచింది. ఎందుకని అడిగితే, “ఆపరేషన్ మనిషివి, ఎంతసేపని నిలబడతావు” అంది. ఏ ఆపరేషన్ అని అడగలేదు. దయ ఉన్నవాళ్ళకు ఆరాలు అక్కర్లేదు.

వంట ఎప్పటిలాగే అమృతంలా ఉంది. చిక్కంతా బల్ల దగ్గర వచ్చింది. వంటక్క అన్నీ చెంచాడు చొప్పున చిన్న గిన్నెలో పెట్టుకుని కూర్చుంది. కాంట్రాక్టరు వచ్చి, గిన్నె పక్కకు జరిపి, కంచం పెట్టాడు. తన చేత్తోనే నిండా వడ్డించాడు.

“నియమం నియమమే కదమ్మా.”

“సార్, నా సంగతి మీకు తెలుసు.”

“నాకు తెలిస్తే సరిపోతుందా? వాళ్ళు చూస్తున్నారు.”

ఆమె నాలుగు ముద్దలు తిని ఆపింది. మర్నాడూ అంతే. గంటకు ఎంతో ముందే మొదలుపెట్టి చూసింది, మెత్తని కూరే ముందు తిని చూసింది, ఏం చేసినా కంచంలో ముప్పాతిక మిగిలిపోయేది. బయట వరసలో చెవులు కొరుక్కోవడం మొదలైంది.

“వంటక్క తినలేదేంటి?”

“తాను వండింది తనకే సహించడం లేదేమో.”

“ఎలా చిక్కిపోయిందో చూశావా? ఏదో పెద్ద రోగమే. ఆ చేతులతోనే మనకు వండుతోంది.”

కొందరు ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకోసాగారు. ఎన్నో ఏళ్ళు ఆమె చేతి అన్నం తిన్నవాళ్ళు గంగాళం వైపు చూసి ముక్కు ముడుచుకుంటుంటే నాకు కడుపు మండింది. నేను కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను.

“సార్, మిగిలింది నేను తింటాను. ఆ కూరలు తరిగింది నేనే.”

“తరిగితే వండినట్టా? పెద్ద వంటమనిషి తినాలని కదా రాసుకున్నారు వాళ్ళు.”

ఇక అప్పుడు అసలు మాట బయటపడింది. సోమవారం నుంచి కంచం ఖాళీ కాకపోతే వంటింటికి తాళం వేసి, బావమరిది పొట్లాలే శాశ్వతంగా తెప్పిస్తానన్నాడు. మాతో పాటు వంటింట్లో ఉన్న ఆడవాళ్ళందరి పనీ పోతుంది. వంటక్క చేతిలో ఉన్న గరిటెను కడిగి, తుడిచి, మేకుకు తగిలించింది.

సోమవారం ఆమె ఆ కంచం మొత్తం తినేసింది.

నేను వద్దని కళ్ళతో చెబుతూనే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు. పనివాళ్ళు ఆశ్చర్యంగా చూశారు, ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. పాపం, వాళ్ళ వంటక్క వాళ్ళకు దొరికిందని సంతోషం. ఆమె కంచం ఎత్తి చూపించింది. మొహమంతా చెమట పట్టింది. గుండె దడదడ కొట్టుకోవడం మెడ దగ్గర చీర అంచు కదలడంలో తెలుస్తోంది. రెండడుగులు వేసి, అందరి ఎదుటా, ఆ నేల మీదే తిన్నదంతా కక్కేసి కూలబడింది.

ఇక చూడండి. నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఉమ్మేశారు. కంచాలు బల్లల మీదే వదిలి లేచారు. “అన్నంలో ఏదో పడింది” అని ఎవరో అన్నారు. పాత సంగతి గుర్తున్నవాళ్ళు కుళాయి దగ్గరికి పరుగెత్తి నోరు పుక్కిలించారు. ముద్ద కూడా ముట్టని ఒకాయన తనకు కళ్ళు తిరుగుతున్నాయని పడుకున్నాడు. వాళ్ళను నేను తప్పుపట్టలేను. వండిన మనిషి తిని పడిపోతే ఇంకేమనుకుంటారు? ఆ నియమం పెట్టుకున్నదే అందుకు. తప్పు తెలియనివాళ్ళది కాదు, తెలిసి పక్కన నిలబడ్డవాడిది. కాంట్రాక్టరు అక్కడే ఉన్నాడు. అరటిపండంత కడుపులో కంచెడన్నం పడితే ఏమవుతుందో ఆయన చదివిన కాగితాల్లోనే ఉంది. ఒక్క మాట చెబితే ఆ గోలంతా ఆగేది. ఆయన నోరు విప్పకుండా వంటింటికి తాళం వేశాడు.

ఆసుపత్రిలో సెలైను పెట్టి రెండు రోజులు ఉంచారు. డాక్టరు నన్నూ అన్నయ్యగారినీ కలిపి తిట్టాడు. “ఎవరు తినమన్నారామెను” అని అడిగితే తలవంచుకుని నిలబడ్డాం. నర్సమ్మ మాత్రం వంటక్క జుట్టు వెనక్కి ముడివేసి, మొహం తడిగుడ్డతో తుడిచి, “అంత ఆకలేసిందా అమ్మా” అని మెల్లగా అంది. వంటక్క అప్పుడు ఏడ్చింది.

ఇంటికొచ్చాక తెలిసింది, ఫ్యాక్టరీ అంతా ఒకటే మాట. వంటక్క వంటలో విషం. వండిన ప్రతి దానిలోంచి కొంచెం తీసి ఫ్రిజ్‌లో పెట్టే డబ్బా ఒకటి ఉంటుంది, ఏదైనా జరిగితే పరీక్షకు పంపడానికి. ఆనాటి డబ్బా అలాగే ఫ్రిజ్‌లో ఉందని శుభ్రం చేసే ఆవిడ నాకు ఫోన్ చేసి చెప్పింది. పంపితే అన్నం బాగున్నట్టు తేలిపోతుంది. అందుకే పంపలేదు. మధ్యాహ్నం మళ్ళీ పొట్లాలే వస్తున్నాయట.

అన్నయ్యగారు సముదాయించబోయాడు. “పోనీలే. ఆ పని వదిలెయ్. నేను ఇంకో ట్రిప్పు వేసుకుంటాను.”

“పని పోతే పోయింది. విషం పెట్టానంటున్నారు.”

“నాలుగు రోజులు పోతే వాళ్ళే మరిచిపోతారు.”

“నేను మరిచిపోవద్దా?” అని ఆమె లేచి కూర్చుంది. “నన్ను గంగాళం అన్నారు, పడ్డాను. నా గంగాళంలో అన్నాన్ని అంటే పడను. రేపు వెళ్ళి చెబుతాను, ఏ ఆపరేషనో.”

నాకు భయమేసింది. “నవ్వుతారమ్మా” అన్నాను.

“నవ్వనీ వదినా. నవ్వినవాడు అన్నం తింటాడు. భయపడ్డవాడు తినడు.”

మర్నాడు భోజనాల వేళకు ఇద్దరం వెళ్ళాం. దారి పొడవునా నేను దేవుణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, పాత జాకెట్టు భుజాల మీదినుంచి జారుతుంటే పైకి లాక్కుంటూ నడిచింది. క్యాంటీన్‌లో అందరి ముందూ పొట్లాలున్నాయి. ఆమె చిన్న బల్ల పక్కన నిలబడింది.

“నాకు తీసింది రాళ్ళు కాదు. నా కడుపే కోసి తీసేశారు. లావు తగ్గడానికి. ఇప్పుడు నాకు గిన్నెడే పడుతుంది. మొన్న కంచం ఖాళీ చేస్తేనే వంటిల్లు ఉంటుందన్నారని బలవంతంగా తిన్నాను. కడుపు పట్టక కక్కాను. మీ అన్నంలో ఏ పాపమూ లేదు.”

వెనక బల్ల దగ్గర ఒకడు కిసుక్కున నవ్వాడు. “అయితే ఇన్నాళ్ళూ మా ముందర డైటింగ్ చేస్తున్నావా వంటక్కా” అన్నాడు. చుట్టూ ఇంకొందరు నవ్వారు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆ కుర్రాడి పొట్లం లాగేసుకోవాలనిపించింది.

“అవునురా. నువ్వూ చేయి, నీ బెల్టు కూడా ఊపిరాడక ఏడుస్తోంది” అంది ఆమె. ఈసారి నవ్వు అవతలివైపు మళ్ళింది.

మిషను దగ్గర పనిచేసే పెద్దాయన లేచాడు. అప్పట్లో ఆ పాడైన కూర తిని చావు దాకా వెళ్ళొచ్చినవాడు, నియమం పెట్టించినవాడు ఆయనే. ఆయన నవ్వలేదు.

“అమ్మాయ్, ఈ సంగతి కాంట్రాక్టరుగారికి తెలుసా?”

“సెలవు కాగితాలు ఆయనకే ఇచ్చాను.”

అందరూ గల్లా దగ్గరున్న కాంట్రాక్టరు వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఆడమనిషి ఒంటి సంగతి. నేను బయటపెట్టడం మర్యాద కాదు కదా. అందుకే ఊరుకున్నాను.”

ఇంతకాలం నేను చాలా అబద్ధాలు విన్నాను గానీ, ఇంత శుభ్రంగా ఇస్త్రీ చేసిన అబద్ధం వినలేదు. ఆమె పరువు కోసం ఆయన ఆమె మీద విషం పెట్టిందన్న నింద పడనిచ్చాడట. నా నోరు లేవబోయింది. పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

“ఆ రోజు డబ్బా పరీక్షకు పంపారా?”

“పంపుతాం. పని ఒత్తిడి.”

“మంచిది. ఈ పొట్లాలు మీరు ముందు తిన్నారా?”

“సీలు వేసినవి కదా.”

“ఆనాడు మేం తిన్న కూర గంగాళానికి కూడా మూత ఉండింది బాబూ.”

పెద్దాయన తన పొట్లం మూత మూసేసి, నెమ్మదిగా నడిచి వచ్చి, చిన్న బల్ల మీద పెట్టాడు. కుర్చీ వెనక్కి లాగాడు. “కూర్చోండి. మీ వంటమనిషి ఎవరో మాకు తెలియదు కనక మీరే తినండి. ఖాళీ చేయండి. మేం చూస్తాం.” వెనకనుంచి ఒకరి తరవాత ఒకరు వచ్చి మూసిన పొట్లాలు బల్ల మీద పేర్చసాగారు. అరుపులు లేవు, తిట్లు లేవు. పొట్లం పెట్టడం, పక్కకు జరగడం. ఇందాక నవ్వినవాడు కూడా తెచ్చి పెట్టాడు.

కాంట్రాక్టరు కూర్చున్నాడు. మూత తీశాడు. రెండు ముద్దలు మింగాడు. మూడోది నోటి దాకా తెచ్చి, వాసన చూసి, దించాడు.

“నాకు షుగరుంది. ఇంత తినలేను.”

“మాలో సగం మందికి ఉంది” అన్నాడు పెద్దాయన. “మీకు షుగరైతే తినలేకపోవచ్చు. ఆవిడకు కడుపే లేకపోయినా తినాలి. అంతేనా?”

కాంట్రాక్టరు తాళం చెవులు బల్ల మీద పెట్టి, ఎవరికో ఫోన్ చేయాలంటూ బయటికి వెళ్ళిపోయాడు. పెద్దాయన తాళం చెవులు తీసి వంటక్క చేతిలో పెట్టాడు. నియమం తీసేయడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. వండినావిడ తన గిన్నెడూ అందరి ముందే తినాలి, మిగతా కంచం రోజుకొక పనివాడు పక్కన కూర్చుని తినాలి అన్నాడు. “నేను మళ్ళీ ఆ ఆసుపత్రి మంచం ఎక్కదలచుకోలేదమ్మా” అని ఆమెకే సర్దిచెప్పాడు. ఆమె తలూపింది. అది న్యాయమని ఆమెకూ తెలుసు.

ఆ మర్నాడు మళ్ళీ పొయ్యి వెలిగింది. అయినా అందరూ రాలేదు. కొందరు ఇప్పటికీ ఇంటి డబ్బాలే తెచ్చుకుంటారు. కాంట్రాక్టరు ఇంకా ఆయనే, క్షమించమన్న పాపాన పోలేదు. ఎదురింటావిడకు సంగతి ఎలా చేరిందో గానీ, మా గుమ్మంలో నిలబడి, “చెప్పలేదేం, నేనేమన్నా అంటానా” అంది. కోపం మంచిది కాదని దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా నాకు నేను చెప్పుకుంటాను. లేచి వీధిలోకి రాగానే మళ్ళీ వస్తుంది. ఒక మనిషి బతకడానికి చేయించుకున్న వైద్యాన్ని, చేసిన తప్పులా నలుగురిలో ఒప్పుకోవాల్సి రావడమేమిటి? ఆమె నిలబడి చెప్పింది గనక సరిపోయింది. చెప్పలేనివాళ్ళు ఎంతమంది నిండు కంచాల ముందు కూర్చుని ఉన్నారో.

ఆ వారంలోనే ఒకరోజు వడ్డన అయిపోయాక, ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది. భారీ మనిషి. తోటివాళ్ళు ఆమెను ‘రోడ్డు రోలరు’ అంటారు, వినపడేటట్టే అంటారు. అటూ ఇటూ చూసి, కిటికీ ఊచలకు మొహం ఆనించి, గుసగుసగా అడిగింది.

“వంటక్కా, ఆ ఆపరేషన్... నొప్పిగా ఉంటుందా?”

వంటక్క గంగాళం తోముతోంది. చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

“లోపలికి రా. వచ్చి ఈ పీట మీద కూర్చో” అంది. “కూర్చుని గట్టిగా అడుగు. దొంగసొత్తు బేరమాడుతున్నట్టు అలా అడుగుతావేం?”